పాత సోలార్ పలక: తూకం గాజుది, విలువ వెండిది

పాత ఇనుప సామాను వర్తకుల వద్దకు కొంతకాలంగా ఒక కొత్త సరుకు వచ్చి చేరుతున్నది. అది పగిలిన, పనిచేయని సోలార్ పలక. చూపునకు గాజు బిళ్లవలె ఉన్నా ఇందులో అల్యూమినియం, రాగి, సిలికాన్, వెండి ఉన్నవి. అయినప్పటికీ వర్తకుడు చుట్టూ ఉన్న చట్రాన్నీ, రాగి తీగనూ తీసుకుని మిగతాది పారవేయడమే ఎక్కువ. కారణం గిట్టుబాటు లెక్కలోనే ఉన్నది.

తూకంలో ఏమున్నది?

వాడుకలో ఎక్కువగా ఉన్న సిలికాన్ రకం పలక సుమారు 20 కిలోలు తూగుతుంది. అందులో గాజే 15 కిలోల దాకా ఉంటుంది. అల్యూమినియం చట్రం 2 కిలోలు, ప్లాస్టిక్ పొరలు 2 కిలోలు, సిలికాన్ కిలోకు లోపు, రాగి 200 గ్రాముల ప్రాంతంలో ఉంటాయి. పదేళ్లనాటి పలకలో వెండి ఆరేడు గ్రాములకు మించదు.

విలువ లెక్క ఇందుకు తలకిందులు. ముప్పాతిక వంతు తూకం ఉన్న గాజుకు పలికే ధర స్వల్పం. యాంటిమొని కలిసిన గాజు కావడంవల్ల అద్దాల కర్మాగారాలు దీనిని తీసుకోవడానికి వెనుకాడతాయి. తూకంలో వెయ్యో వంతు కూడా లేని వెండిదే విలువలో పెద్ద వాటా.

వెండి తీయడం సులభం కాదు

చట్రం విప్పడానికి చేతిపనిముట్లు చాలు. వెండికి రసాయన కర్మాగారం కావాలి. గాజు, సెల్లులు, వెనుక పొర పాతికేళ్లపాటు ఎండకూ వానకూ ఊడకుండా ఇ.వి.ఎ. అనే జిగురు పొరతో అతికించి ఉంటాయి. వీటిని కొలిమిలో 500 డిగ్రీల వేడిమిలోనో, యంత్రాలతోనో విడదీసి, సెల్లులను నత్రికామ్లంలో వేసి వెండిని రాబట్టాలి. ఫ్లోరిన్ ఉన్న వెనుక పొరను ఆరుబయట కాలిస్తే విషవాయువు వెలువడుతుంది. అతుకులలోని సీసం వాననీటితో నేలలోకి దిగవచ్చు.

అమెరికాలో వేసిన అంచనాల ప్రకారం ఒక పలకను శుద్ధి చేయడానికి 20 నుంచి 30 డాలర్లు అవుతుంది. చెత్తదిబ్బకు పంపడానికి ఒకటి రెండు డాలర్లు చాలు. వెండి ధర పెరిగినప్పుడు పాత పలకలకు గిరాకీ కలగడం సహజమే. కాని ధర పెరిగినకొద్దీ తయారీదారులు వెండి వాడకం తగ్గిస్తారు. 2009లో ఒక్కో సెల్లుకు అర గ్రాము దాకా పట్టిన వెండి, పదేళ్లు తిరిగేసరికి 0.1 గ్రాముకు దిగింది. కనుక వెండి ఒక్కదాన్నే నమ్ముకుని ఈ వ్యాపారం సాగదు.

భారం ఎవరిది?

ఐరోపా యూనియన్ 2012లోనే ఈ భారాన్ని తయారీదారులపై మోపింది. మన దేశంలో 2022 నాటి ఇ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం తయారీదారులు సోలార్ వ్యర్థాలను 2034-35 వరకు నిల్వచేయవలసి ఉన్నది.

2023 మార్చి నాటికి దేశంలో నెలకొల్పిన పలకలనుంచే 2030 నాటికి 3.4 లక్షల టన్నుల వ్యర్థాలు వస్తాయని సి.ఇ.ఇ.డబ్ల్యు. సంస్థ 2024లో అంచనా వేసింది. ఇందులో మూడింట రెండు వంతులు ఐదు రాష్ట్రాలదే. రాజస్థాన్, గుజరాత్, కర్ణాటక, తమిళనాడులతోపాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జాబితాలో ఉన్నది.

2017లో పూర్తయిన కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. 300 వాట్ల పలక లెక్కన చూస్తే 33 లక్షల పలకలు, 66 వేల టన్నుల సరుకు. పలకకు 6 గ్రాముల చొప్పున వేసినా 20 టన్నుల వెండి. పాతికేళ్ల ఆయుష్షు తీరేనాటికి, అనగా 2042 ప్రాంతంలో, ఇదంతా ఒక్కసారిగా బయటపడుతుంది.

మేడమీద పలకలు, సోలార్ పంపుసెట్లు ఉన్నవారు పాడైన పలకను పగలగొట్టక, యథాతథంగా అనుమతి పొందిన శుద్ధి సంస్థకు చేర్చడం మేలు. చట్రం ఊడదీసి అమ్మితే చేతికి వచ్చేది రెండు కిలోల అల్యూమినియం ధర మాత్రమే. మిగిలిన పద్దెనిమిది కిలోలూ ఊరి పొలిమేరలో గుట్టపడతాయి.