స్మార్ట్‌ఫోన్లలో లినక్సు కెర్నలు నవీకరణ

స్మార్ట్‌ఫోన్లలో లినక్సు కెర్నలు నవీకరణ అనగా ఆండ్రాయిడ్ ఫోనుకు ఆధారమైన లినక్సు కెర్నలులో ఎప్పటికప్పుడు జరిగే దిద్దుబాట్లను ఫోను తయారీ సంస్థలు వినియోగదారులకు అందజేయడం. వాడుకలో అప్‌డేటు అని పిలిచే దానిలో ఇది ముఖ్యమైన భాగం. తెర, బ్యాటరీ చక్కగా పనిచేస్తున్నప్పటికీ ఈ దిద్దుబాట్లు ఆగిపోయిన ఫోను క్రమంగా భద్రతను కోల్పోతుంది. ఈ రంగంలోని కొన్ని ప్రముఖ సంస్థల అభివృద్ధి కేంద్రాలు హైదరాబాదులో ఉన్నాయి.

నేపథ్యం

కెర్నలు నిర్వహణ వ్యవస్థకు గుండెకాయ వంటిది. ప్రాసెసరు, మెమొరీ, కెమెరా వంటి భాగాలకు, వాటిని వాడుకొనే అప్లికేషన్లకు మధ్య ఇది వారధిగా పనిచేస్తుంది. లినక్సు కెర్నలును లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించాడు. 2008లో వెలువడిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను నుండి ఆండ్రాయిడ్ ఫోన్లలో దీనినే వాడుతున్నారు.

సుమారు 9 లేక 10 వారాలకు ఒక కొత్త కెర్నలు విడుదలవుతుంది. వీటిలో కొన్నింటిని మాత్రమే దీర్ఘకాల మద్దతుకు ఎంపిక చేస్తారు. ఫోన్లలో సాధారణంగా ఇటువంటి విడుదలలనే వాడుతారు. ఈ మద్దతు కాలాన్ని 2017లో 2 సంవత్సరాల నుండి 6 సంవత్సరాలకు పెంచారు. దీనిని తిరిగి 2 సంవత్సరాలకు కుదించనున్నట్లు 2023లో వెల్లడైంది.

దిద్దుబాటు ప్రయాణం

ఒక లోపాన్ని లినక్సు అభివృద్ధికారులు సరిదిద్దిన తరువాత, ఆ దిద్దుబాటును గూగుల్ తన ఆండ్రాయిడ్ ఉమ్మడి కెర్నలులో చేరుస్తుంది. క్వాల్కామ్, మీడియాటెక్ వంటి చిప్ తయారీ సంస్థలు తమ చిప్‌లకు తగిన డ్రైవర్లను కలుపుతాయి. చివరకు ఫోను తయారీ సంస్థ తన మోడలుకు అనుగుణంగా మార్చి, పరీక్షించి విడుదల చేస్తుంది. ఈ నాలుగు దశలలో ఏ ఒక్కటి ఆలస్యమైనా దిద్దుబాటు ఆలస్యమవుతుంది. చిప్ తయారీ సంస్థ ఒక చిప్‌కు మద్దతు ఆపివేస్తే, ఫోను తయారీ సంస్థ చేయగలిగినది చాలా తక్కువ.

ఈ జాప్యం వలన కలిగే ప్రమాదానికి డర్టీ కౌ అనే లోపం ఒక ఉదాహరణ. 2007 నుండి కెర్నలులో దాగి ఉన్న ఈ లోపం 2016 అక్టోబరులో బయటపడి, వెంటనే సరిదిద్దబడింది. కాని నవీకరణలు అందని పాత ఫోన్లలో అది అలాగే మిగిలిపోయింది.

సంస్కరణలు

* 2015 ఆగస్టు నుండి గూగుల్ ప్రతి నెలా భద్రతా ప్రకటన విడుదల చేస్తున్నది.
* 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్, చిప్‌కు సంబంధించిన భాగాన్ని ఆండ్రాయిడ్ నుండి వేరుపరచింది.
* ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నలు గల కొత్త ఫోన్లకు ఉమ్మడి కెర్నలు తప్పనిసరి అయినది. చిప్ డ్రైవర్లు విడి మాడ్యూళ్ళుగా ఉంటాయి.
* 2023లో పిక్సెల్ 8కు గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కు శామ్‌సంగ్ 7 సంవత్సరాల నవీకరణలు ప్రకటించాయి.
* 2025 ఫిబ్రవరిలో క్వాల్కామ్, గూగుల్ కలిసి కొత్త చిప్‌లు గల ఫోన్లకు 8 సంవత్సరాల వరకు నవీకరణలకు వీలు కల్పిస్తామని ప్రకటించాయి. ఇందులో రెండు కెర్నలు మార్పులు కూడా ఉన్నాయి. అయితే వాటిని అందించడం ఫోను తయారీ సంస్థ నిర్ణయంపై ఆధారపడుతుంది.

హైదరాబాదుతో సంబంధం

1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో మొదలైన హైటెక్ సిటీ క్రమంగా మాదాపూర్ నుండి రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు విస్తరించింది. క్వాల్కామ్‌కు హైదరాబాదులో పెద్ద అభివృద్ధి కేంద్రం ఉంది. ఇక్కడ సుమారు 3,900 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రణాళికను ఆ సంస్థ 2022లో ప్రకటించింది. ఫోను తయారీ సంస్థలలో ఒప్పో 2018లోను, వన్‌ప్లస్ 2019లోను ఈ నగరంలో పరిశోధన, అభివృద్ధి కేంద్రాలను నెలకొల్పాయి. అనగా పైన చెప్పిన ప్రయాణంలోని చివరి రెండు దశలకు చెందిన సంస్థలు ఈ ఒక్క నగరంలోనే ఉన్నాయి.

వినియోగదారులపై ప్రభావం

బ్యాంకు లావాదేవీలు, యూపీఐ చెల్లింపులు ఫోనులోనే జరుగుతున్నందున నవీకరణల ప్రాముఖ్యం పెరిగింది. దీర్ఘకాల హామీలు ఎక్కువగా ఖరీదైన మోడళ్ళకే లభిస్తున్నాయి. చౌక ఫోను కొనేవారికి, దానినే ఎక్కువ కాలం వాడేవారికి రక్షణ తక్కువ. ఫోను సెట్టింగులలోని 'ఫోను గురించి' అనే భాగంలో కెర్నలు సంఖ్యను, చివరి భద్రతా నవీకరణ తేదీని చూడవచ్చును. నవీకరణ గడువును సాధారణంగా మోడలు విడుదలైన నాటి నుండి లెక్కిస్తారు గాని, కొన్న నాటి నుండి కాదు. కావున రెండేళ్ళ నాటి మోడలును తగ్గింపు ధరకు కొన్నవారికి ఆ గడువులో రెండేళ్ళు ముందే తీరిపోయి ఉంటాయి.