వోల్టులను మింగినదెవరు?

మీ ఇంట్లో లాప్‌టాప్‌కు చార్జరు తగిలించారు. కాని చార్జి ఎక్కడం లేదు. అప్పుడేం చేస్తారు? మన సికింద్రాబాదులో అయితే పార్క్ లేన్‌కు తీసికొని వెళ్ళి ఏదో ఒక దుకాణంలో చూపిస్తారు. మరి మీరు నడిసముద్రంలో, తెరచాప పడవ మీద ఉంటేనో?

ఇది వట్టి ఊహ కాదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి 'తారిణి' అనే నౌకాదళపు తెరచాప పడవ భూమిని చుట్టిరావడానికి బయలుదేరింది. దాని పొడవు 55 అడుగులు. అందులో ఉన్నవారు ఆరుగురు మహిళా అధికారులు. వారిలో ఇద్దరు మన తెలుగువారే. ఒకరు హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, మరొకరు విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి. 254 రోజుల తరువాత 2018 మే 21న వారు గోవాకు తిరిగి వచ్చారు. అటువంటి ప్రయాణంలో ఏ పరికరం చెడినా మరమ్మతు చేసుకోవలసింది పడవలో ఉన్నవారే.

తెరచాప పడవను నడిపేది గాలి. అయితే దీపాలకు, రేడియోకు, దారి చూపే పరికరాలకు, కంప్యూటరుకు విద్యుత్తు కావాలి. ఇటువంటి పడవలలో సౌర ఫలకాలు, చిన్న డీజిల్ ఇంజను విద్యుత్తును తయారుచేస్తాయి. దానిని సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలలో నిలవచేస్తారు. లాప్‌టాప్ చార్జరు ఇవ్వవలసినది మాత్రం సుమారు 19 వోల్టులు. అందువల్ల ఇన్వర్టరు ముందుగా బ్యాటరీ నుండి వచ్చే ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. చార్జరు దానిని మళ్ళీ 19 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది.

ఇక కథలోకి వద్దాం. ఒక పడవలో లాప్‌టాప్ చార్జి కావడం లేదనుకోండి. చార్జరు తగిలించగానే ఇన్వర్టరు 'కీ' మని అరచి ఆగిపోతున్నది. వోల్టుమీటరుతో బ్యాటరీని చూస్తే 12.4 వోల్టులు! బ్యాటరీ బాగానే ఉంది. చార్జరును మార్చి చూశారు. అయినా అదే అరుపు! మరి దోషం ఎక్కడ ఉన్నట్లు?

కొంచెం లెక్క వేద్దాం. చార్జరు సామర్థ్యం 65 వాట్లు. సామర్థ్యం అంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది కదా! మీ ఇంట్లో 230 వోల్టుల వద్ద దానికి 0.3 ఆంపియరు చాలు. 12 వోల్టుల వద్ద అయితే, వేడిగా వృథా అయ్యేది కూడా కలుపుకొని, 6 ఆంపియర్లకు పైనే కావాలి. అంటే దాదాపు 20 రెట్లు!

ఇప్పుడు ఓమ్ నియమాన్ని గుర్తుకు తెచ్చుకోండి. బ్యాటరీకీ ఇన్వర్టరుకూ మధ్య ఒక అతుకు వద్ద ఉప్పుగాలికి రాగి చిలుము పట్టి, అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకొందాం. 6 ఆంపియర్లను 0.5 చేత గుణిస్తే 3 వోల్టులు. ఈ 3 వోల్టులనూ చిలుమే మింగేస్తుంది. ఇన్వర్టరుకు చేరేవి 9.4 వోల్టులు మాత్రమే. చాలా ఇన్వర్టర్లు 10.5 వోల్టుల దరిదాపులకు దిగగానే ఆగిపోతాయి. మీ ఇంటి 230 వోల్టుల తీగెలో అదే అర ఓమ్ మింగగలిగేది 0.15 వోల్టే. దానిని ఎవరూ గమనించరు.

మరి మొదట మీటరు 12.4 ఎలా చూపింది? మిద్దె మీది నీళ్ళట్యాంకును తలచుకోండి. గొట్టంలో తుప్పు పేరుకొన్నా, కుళాయి కట్టి ఉన్నంతసేపు నీటి ఒత్తిడి నిండుగానే ఉంటుంది. కుళాయి విప్పినప్పుడే ధార సన్నమని తెలుస్తుంది. అలాగే, ప్రవాహం సున్న అయితే నిరోధం మింగే వోల్టులూ సున్నే. కాబట్టి పరికరం నడుస్తుండగానే కొలవాలి.

కొలిచే వరుస ఇది. ఇన్వర్టరుకు ఒక చిన్న దీపం తగిలించి, ఆగిపోకుండా నడవనివ్వాలి. మొదట బ్యాటరీ కొసల వద్ద చూడాలి. అక్కడే వోల్టులు బాగా పడిపోతే బ్యాటరీ బలహీనమైనది. తరువాత ఇన్వర్టరులోకి తీగెలు వెళ్ళేచోట చూడాలి. రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే దొంగ దారిలోనే ఉన్నాడు. ఒక్కొక్క అతుకుకు అటొక మీటరు ముల్లు, ఇటొక ముల్లు ఆనించాలి. మంచి అతుకు వద్ద దాదాపు సున్న చూపుతుంది. వోల్టులు చూపిన అతుకే దొంగ! విద్యుత్తును ఆపి, దానిని గరుకు కాగితంతో రుద్ది బిగించాలి. దారి అంతా బాగుంటేనే ఇన్వర్టరునూ చార్జరునూ అనుమానించాలి.

దీనిని మీ ప్రయోగశాలలో చేసి చూడండి. రెండు టార్చి ఘటాలను వరుసగా కలపండి. రెండు వైపులా చెక్కిన పెన్సిలును ఒక తీగె మధ్యలో కలపండి. బల్బు లేకుండా హోల్డరు వద్ద కొలిస్తే సుమారు 3 వోల్టులు వస్తాయి. ఇప్పుడు ఫిలమెంటు ఉన్న టార్చి బల్బును పెట్టండి. బల్బు మసకగా వెలుగుతుంది, హోల్డరు వద్ద వోల్టులు తగ్గుతాయి. మిగతావి ఎక్కడికి పోయాయి? పెన్సిలు రెండు కొసల మధ్య మీటరు పెట్టండి. అక్కడ దొరుకుతాయి!

ఒక హెచ్చరిక. ఇంట్లో 230 వోల్టుల తీగెలను ఎన్నడూ ముట్టకండి. ఇన్వర్టరు బ్యాటరీలో ఆమ్లం ఉంటుంది, దాని నుండి మండే హైడ్రోజను వాయువు వస్తుంది. దాని రెండు కొసలకూ ఒక పానా అడ్డంపడితే ప్రమాదమే. ఆ పని పెద్దలకు వదలండి. అయితే, కరెంటు పోయిన కొద్ది నిమిషాలకే మీ ఇంటి ఇన్వర్టరు ఆగిపోతుంటే, కొత్త బ్యాటరీ కొనేముందు మీ నాన్నగారితో ఒక మాట చెప్పండి: "ముందు అతుకులు చూపించండి, అదీ ఇన్వర్టరు నడుస్తుండగా!"