వెనక సీటుకీ ఒక పేరుంది

మోటార్‌సైకిల్ వెనక సీటు మనకి కొత్తేమీ కాదు. ఒళ్లో పిల్లాడు, చేతిలో కూరల సంచీ, భుజాన హ్యాండ్‌బ్యాగు... ఇన్నిటినీ సర్దుకుని పడిపోకుండా కూర్చోవడం మనకి వెన్నతో పెట్టిన విద్య! కానీ ఎలా వచ్చావని ఎవరైనా అడిగితే మాత్రం "ఆయన తీసుకొచ్చారు" అంటాం. ఆ దూరమంతా మనమూ వచ్చామన్న సంగతి మనకే తట్టదు.

ఆ వెనక సీటుకి కూడా లెక్క ఉంటుందనీ, అందులో కూర్చున్న మనిషి పేరు విడిగా రాస్తారనీ నాకు ఐరన్ బట్ అసోసియేషన్ గురించి తెలిశాకే అర్థమైంది. అమెరికాలో పుట్టిన సంస్థ ఇది. మోటార్‌సైకిల్ మీద సుదూర ప్రయాణాలు చేసేవాళ్లకి రుజువులు చూసి సర్టిఫికెట్లు ఇస్తుంది. వాటిలో బాగా పేరున్నది 'శాడిల్‌సోర్ 1000'. అంటే 24 గంటల్లో 1,000 మైళ్లు. మన లెక్కలో దాదాపు 1,610 కిలోమీటర్లు. ఇది పందెం కాదు. ముందొచ్చినవాళ్లు, వెనకొచ్చినవాళ్లు అన్న మాటే లేదు. మన దేశంలోనూ ఎందరో ఈ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. వెనక కూర్చున్నవాళ్లు మొదటినుంచి చివరిదాకా బండి మీదే ఉంటే వాళ్ల పేరు మీద కూడా సర్టిఫికెట్ వస్తుంది.

మావారు ఈ ప్రయాణానికి సిద్ధమవుతూ "నువ్వూ వస్తావా?" అని అడిగారు. "వస్తాను. కానీ కాగితాల్లో నా పేరు కూడా ఉండాలి" అన్నాను. "అయితే ఆ కాగితాల పని నీదే" అన్నారాయన నవ్వుతూ.

కాగితాలే సాక్ష్యం

ఎంత దూరం వెళ్లామో నోటితో చెబితే చాలదు. బయల్దేరేటప్పుడు ఒకరు, ముగించేటప్పుడు ఒకరు సాక్షి సంతకం చేయాలి. ఆ కాగితంలో బండి నడిపేవారి పేరుతోపాటు వెనక కూర్చున్నవారి పేరూ రాయించాలి. దారిలో తేదీ, టైము, ఊరు అచ్చయిన రసీదులు పోగెయ్యాలి. ఎక్కడ వెనక్కి తిరిగితే అక్కడ రసీదు తప్పనిసరి. లేకపోతే అంతదూరం వెళ్లారని ఎవరు నమ్ముతారు? మీటరు కొంచెం ఎక్కువ చూపించొచ్చు కనక, రసీదులున్న ఊళ్ల మధ్య దూరాన్ని మ్యాపులో సరిచూస్తారు.

మన పెట్రోలు బంకుల్లో కొన్నిచోట్ల బిల్లు చేత్తో రాసిస్తారు. అలాంటిచోట పక్కనున్న ఏటీఎంలో వంద రూపాయలు తీసి ఆ స్లిప్పు దాచాను. ఈ స్లిప్పుల మీద అక్షరాలు ఎండకీ చెమటకీ వెలిసిపోతాయి. అందుకని అప్పటికప్పుడే ఫోన్లో ఫొటో తీశాను. ఆగిన ప్రతిచోటా బండి పక్కన నిలబడి, చేతిలో రసీదు పట్టుకుని నేనూ ఒక ఫొటో దిగాను. చిన్న నోటుపుస్తకంలో టైము, ఊరు, మీటరు అంకె రాశాను. చీటీపాటల లెక్కలు రాసే చేతికి ఇదో పెద్ద పనా!

వందేళ్ల క్రితం ఒక అమ్మ

1915లో ఎఫీ హాచ్‌కిస్ అనే అమ్మాయి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా హార్లే డేవిడ్‌సన్ నడుపుకుంటూ వెళ్లింది. పక్కన తగిలించిన తొట్టిలో వాళ్లమ్మ ఏవిస్ కూర్చుంది. సరైన రోడ్లు కూడా లేని రోజులవి. టైరు ట్యూబులు అయిపోతే దుప్పటి కోసి టైరులో కుక్కుకుని ముందుకి సాగారు. అట్లాంటిక్ సముద్రం నీళ్లు సీసాలో తీసుకెళ్లి పసిఫిక్‌లో కలిపారు. బండి నడిపింది కూతురే. కానీ ఈ కథలో ఎఫీ పేరు పక్కన ఏవిస్ పేరు కూడా ఇవాళ్టిదాకా నిలిచింది. ఆ రోజుల్లో ఎవరో ఒకరు ఆమె పేరు కూడా రాయబట్టే కదా!

కూర్చోవడం కూడా పనే

తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్ దగ్గర బయల్దేరాం. బెంగళూరు ముందున్న దేవనహళ్లి దాకా వెళ్లి రావడం, మళ్లీ గుత్తి దాటి కొంచెం దూరం వెళ్లి తిరిగి రావడం మా పథకం. నాలుగు వరసల జాతీయ రహదారి మీద మోటార్‌సైకిల్ గరిష్ఠ వేగం గంటకి 80 కి.మీ. అని కేంద్రం 2018లో నిర్ణయించింది. ఆగిన టైముతో కలిపి గంటకి 67 చొప్పున సాగితేనే లెక్క సరిపోతుంది. అంటే తిండికీ, పెట్రోలుకీ, నడుం వాల్చడానికీ కలిపి చేతిలో ఉన్నది నాలుగు గంటలే!

వెనక కూర్చుంటే హాయిగా ఊళ్లు చూసుకుంటూ పోవచ్చనుకుంటారు. ముందున్నవారికి కనీసం హ్యాండిల్ ఉంటుంది. మనకి బ్రేకు ఎప్పుడు పడుతుందో, గుంట ఎప్పుడొస్తుందో తెలీదు. మధ్యాహ్నానికి మోకాళ్లు పట్టేశాయి. ఆయనకి నీళ్లివ్వడం, టైము చెప్పడం, ఏ ఊళ్లో ఆగాలో చూడటం నా వంతు. వీటన్నిటికన్నా పెద్ద పని ఇంకోటుంది. ఆయన్ని కనిపెట్టుకుని ఉండటం. భుజం మీద రెండుసార్లు తడితే బండి ఆపాలి, ఎందుకని అడక్కూడదు అని ముందే ఒప్పందం చేసుకున్నాం.

రాత్రి పదకొండున్నర దాటింది. కర్నూలు, డోన్ వెనకపడ్డాయి. మీటరు లెక్కలో 1,280 కి.మీ. అయ్యాయి. మిగిలింది 330. చేతిలో నాలుగు గంటల పైచిలుకు. కొంచెం తొందరపడితే అందుతుందేమో అనిపించే లెక్క. అప్పుడే బండి మెల్లగా తెల్లగీత వైపు జరిగి మళ్లీ సర్దుకుంది. "ఏమండీ" అన్నాను. జవాబు ఆలస్యంగా వచ్చింది. రెండోసారి జరిగింది. ఆయన హెల్మెట్ ఒక్క క్షణం ముందుకి వాలి లేచింది.

పొద్దుటినుంచీ దాచిన స్లిప్పులు, ఫొటోలు, నా పేరు మీద రావాల్సిన సర్టిఫికెట్... అన్నీ కళ్లముందు తిరిగాయి. ఇంట్లో నిద్రపోతున్న పిల్లలు కూడా గుర్తొచ్చారు. భుజం మీద రెండుసార్లు తట్టాను.

దాబా ముందు బండి ఆగింది. "ఇంకొంచెమేగా..." అని మొదలుపెట్టిన మావారు మాట పూర్తి చేయకుండానే నులకమంచం మీద వాలి నిద్రపోయారు. తెల్లారి ఆరింటికి గానీ లేవలేదు. లేచాక "నాకు నిద్రొస్తోందని నాకే తెలీలేదు" అన్నారు. అలసిపోతే ఆగిపొమ్మని ఆ సంస్థ కూడా మొదటినుంచీ చెబుతోంది. దూరం మళ్లీ వెళ్లొచ్చు, మనిషి మళ్లీ రాడు కదా!

ఇంటికి రాగానే మా అత్తగారు "ఏమ్మా, గెలిచారా?" అని అడిగారు. "సర్టిఫికెట్ రాదత్తయ్యా. క్షేమంగా వచ్చాం" అన్నాను. నోటుపుస్తకం తీసి చివరి వరస చదివి వినిపించాను. '11.40, డోన్ దాటాక, 1,280. బండి ఆపించింది నేను.' ఆవిడ కాసేపు ఆ పుస్తకం వంకే చూసి, "జాగ్రత్తగా దాచు" అన్నారు.

మీరూ వెళ్తుంటే...

* వెనక కూర్చున్నవారికీ చట్టప్రకారం హెల్మెట్ ఉండాల్సిందే. గడ్డం కింద పట్టీ బిగించుకోండి.
* పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా కాపాడే గార్డు... ఈ మూడూ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. అందంగా లేదని గార్డు పీకించేస్తే ఒప్పుకోవద్దు.
* దూరప్రయాణంలో ఒకవైపు తిరిగి కూర్చోకండి. సల్వారో, ప్యాంటో వేసుకుని రెండువైపులా కాళ్లేసి కూర్చోండి. చున్నీ ముడేసి లోపలికి దోపుకోండి.
* నీళ్లు తాగితే మధ్యలో బాత్రూముకి వెళ్లాల్సొస్తుందని మానేయకండి. ఆగిన ప్రతిచోటా కొంచెం తాగండి, నాలుగడుగులు నడవండి.
* ఆపడానికి ఒక సైగ ముందే అనుకోండి. దాన్ని కాదనే హక్కు ముందున్నవారికి ఉండకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక చిన్న పుస్తకం దగ్గరుంచుకోండి. తిరుపతి వెళ్లినా, పక్క ఊరి పెళ్లికి వెళ్లినా సరే. ఎన్నింటికి బయల్దేరారో, ఎక్కడ ఆగారో, ఎంతదూరం వెళ్లారో రాయండి. పై వరసలో మాత్రం ఇద్దరి పేర్లూ ఉండాలి సుమా!