కామాటిపురా: మన కూలీలు కట్టిన పేట

బొంబాయికి పోయొచ్చిన మనిషి లేని ఊరు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల వెతికినా దొరకడం కష్టం. ఎక్కడ ఉండేవాడివని అడిగితే భివండీలో ఉన్నవాడు భివండీ అంటాడు. వర్లీలో ఉన్నవాడు వర్లీ అంటాడు. కామాటిపురాలో ఉన్నవాడు మాత్రం బొంబాయి సెంట్రల్ దగ్గర అని మాట దాటేస్తాడు. గుచ్చి అడిగితే నలుగురిలో నవ్వులపాలు కావాల్సి వస్తుందని అతని భయం. ఆ పేటకు ఆ పేరు తన ప్రాంతపు కూలీల రెక్కల కష్టం మీదనే వచ్చిందన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినా చెప్పుకుంటే నమ్మేవారు లేరు.

కామాటి అన్న మాట మనకు కొత్తది కాదు. మట్టిపని, రాతిపని, ఇళ్ల కట్టుబడి చేసే కూలీని కామాటి అనడం నిజాం ఇలాకా అంతటా ఉన్నదే. హైదరాబాద్ పాతబస్తీలో కూడా ఒక కామాటిపురా ఉంది. అయితే దేశమంతా చెవి కొరుక్కునేది బొంబాయి కామాటిపురా గురించే.

బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం దీవుల నడుమ పల్లంలోకి చొరబడి ఊరంతా చిత్తడి చేసేది. గవర్నర్ హార్న్‌బీ హయాంలో మహాలక్ష్మి దగ్గర గండి పూడ్చి 1784 నాటికి కట్ట పూర్తి చేశారు. దాంతో లోపలి పల్లపు భూములు మెల్లగా ఆరడం మొదలైంది. 1793లో సూరత్ వైపు కరువు వస్తే, పొట్ట చేత పట్టుకుని వచ్చిన జనానికి పని కల్పించేందుకు చందాలు పోగు చేసి ఒక రోడ్డు వేయించారు. అదే బెలాసిస్ రోడ్డు. ఆ రోడ్డుకు దక్షిణాన ఆరిన నేల మీద 1795 ప్రాంతం నుంచి తెలుగు కూలీలు గుడిసెలు వేసుకున్నట్టు చరిత్రకారులు రాశారు. తట్ట, పార, గడ్డపార తప్ప వేరే ఆస్తి లేనివాళ్లు వాళ్లు. రోడ్లకు కంకర కొట్టారు, చెరువులు పూడ్చారు, కోట బయట లేచిన మేడలకు రాళ్లు మోశారు. నగరం కట్టినవాడికి నగరంలో దక్కింది ఊరి చివరి పల్లం. వాన పడితే నీళ్లు నిలిచే చోటు.

పేటలో సందులకు పేర్లు లేవు, అంకెలే. ఒకటో గల్లీ, రెండో గల్లీ అంటూ పద్నాలుగు, పదిహేను దాకా పోతాయి. పడమర ఫాక్‌లాండ్ రోడ్డు, తూర్పున డంకన్ రోడ్డు. వాటికి ఇప్పుడు పఠ్ఠే బాపూరావు మార్గమని, మౌలానా ఆజాద్ రోడ్డని పేర్లు మారినా, పాతకాపులు పాత పేర్లే పలుకుతారు. 1995లో బొంబాయి ముంబయి అయినా మన పల్లెల్లో ఇప్పటికీ బొంబాయే కదా!

ఫూలేకు అండగా..

కూలీలుగా వచ్చినవారిలో కొందరు మేస్త్రీలయ్యారు, ఆ పైన కాంట్రాక్టర్లయ్యారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు వాళ్లు చేసిన పని గమనించదగ్గది. 1873లో పుణేలో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు, బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో ముందు వరుస తెలుగువారిదే. వెంకు బాలోజీ కాలేవార్, జాయా కరాడి లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు, నర్సింగరావు సాయబు వడ్నాల ఆ పెద్దల్లో ప్రముఖులు. అంటరానితనం వద్దని, పురోహితుడు లేకున్నా పెళ్లి చేసుకోవచ్చని, ఆడపిల్లకు చదువు చెప్పాలని అన్న ఫూలేకు డబ్బిచ్చి, మనుషులనిచ్చి వెన్నుదన్నుగా ఉన్నారు. మన 'వారు' మరాఠీ నోట పడి 'వార్' అయిపోవడంతో, కాలేవార్ అంటే ఇప్పుడు వినేవాళ్లు మరాఠీవాడే అనుకుంటారు. ఫూలే పేరు మన బడుల్లో పిల్లలు చదువుతున్నారు. ఈ నలుగురి పేర్లు ఏ పాఠంలోనూ కనిపించవు. ఇది తెలుగువాళ్లు చేసుకున్న లోపమే.

1854లో దావర్ సేఠ్ తాడ్‌దేవ్‌లో మొదటి నూలు మిల్లు తలపెట్టాడు. కామాటిపురా నుంచి నడిచిపోయేంత దూరం. తర్వాత ఒకదాని వెనుక ఒకటి మిల్లులు లేచాయి. మగ్గం చప్పుడు మధ్య పుట్టిన మన పద్మశాలీలకు ఆ పని కొట్టిన పిండి. మట్టి మోసే వాళ్ల వెనుక నేతగాళ్లు రావడం అలా మొదలైంది.

పాట, ఆట, సినిమా

ఇదే సమయంలో పేట అంచున వేరే లోకం పుట్టుకొచ్చింది. జగన్నాథ్ శంకర్‌సేఠ్ ఇచ్చిన స్థలంలో 1846లో గ్రాంట్ రోడ్డు నాటకశాల తెరుచుకుంది. తర్వాత పార్సీ నాటక కంపెనీలు గుంపులు గుంపులుగా అక్కడే డేరాలు వేశాయి. ఆంగ్లంలో ప్లేహౌస్ అన్న మాట కూలీ జనం నోట 'పీలాహౌస్' అయ్యింది. ఇప్పటికీ ఆ కూడలి పేరు అదే. తమాషా మేళాలు, లావణి పాటలు, కుస్తీ అఖాడాలు, ఇరానీ హోటళ్లు, రాత్రంతా దీపాలు. ఫాక్‌లాండ్ రోడ్డుకు పేరు పెట్టిన పఠ్ఠే బాపూరావు బ్రాహ్మణుడై పుట్టి, కులం కట్టుబాట్లు కాలదన్ని దళిత నాట్యకత్తె పవళాతో కలిసి తమాషా కట్టినవాడు. బచ్చూసేఠ్ వాడీలో సారంగీలు, తబలాలు, ఘుంగ్రూలు మోగేవి. ఇల్లూ వాకిలీ పట్టని కళాకారులకు, కవులకు, ఎక్కడా ఇమడని మనుషులకు ఆ నాలుగు రోడ్లు ఆశ్రయం ఇచ్చాయి. ఎవరి కులమేమిటి, ఊరేమిటి అని అడిగే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. పగలంతా రాళ్లు మోసిన కామాటి కూడా అణాకు, రెండణాలకు ఆ వెలుతురులో నిలబడి నాటకం చూసి వచ్చేవాడు.

తెలుగు సినిమాకు కూడా ఈ చుట్టుపక్కలే పురుడు పోశారు. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో, సురభి నటులతో బొంబాయిలోనే తయారై, 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా టాకీస్‌లోనే మొదట ఆడింది. తెలుగు సినిమా తెలుగు గడ్డ మీద కాక బొంబాయిలో మొదట ఆడటం చూసి వింతపడతారు గానీ, టిక్కెట్టు కొని చూసే తెలుగు జనం అక్కడ అప్పటికే ఉన్నారని గుర్తిస్తే వింత లేదు. అందులో చిన్న వేషం వేసిన ఎల్.వి. ప్రసాద్ అప్పట్లో బొంబాయిలో చిల్లర పనులు చేసుకుంటూ బతుకుతున్న కుర్రాడు.

నింద ఎలా వచ్చింది?

పేటకు చెడ్డ పేరు తెచ్చింది కూలీలు కాదు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో తెల్ల సిపాయిల కోసం, ఓడల మీద వచ్చే సారంగుల కోసం పడుపు వృత్తిని ఈ పక్కకు చేర్చి, దానికి చట్టాలు, డాక్టరు పరీక్షలు పెట్టి నడిపించింది ఇంగ్లీషు ప్రభుత్వమే. యూరప్ నుంచి తెచ్చిన స్త్రీలను ఉంచిన శుక్లాజీ వీధిని జనం 'సఫేద్ గల్లీ' అన్నారు. స్వరాజ్యం వచ్చాక తెల్లవాళ్లు పోయారు గానీ వ్యాపారం పోలేదు. నేపాల్ నుంచి, కర్ణాటక నుంచి, మన తెలంగాణ పల్లెల నుంచి కూడా ఆడపిల్లలను దళారులు అక్కడికి చేర్చారు. జోగినిగా వదిలేసిన పిల్లను బొంబాయి బండి ఎక్కించడం ఈ ప్రాంతం ఎరగని కథ కాదు. జోగిని దురాచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. అదే ఏడాది కామాటిపురాలో ప్రేరణ అనే సంస్థ, తల్లులు రాత్రి పనిలో ఉన్నప్పుడు పిల్లలు భద్రంగా పడుకునేందుకు రాత్రి బడి తెరిచింది.

రాసేవాళ్లకు, ఫొటోలు తీసేవాళ్లకు ఆ గల్లీలు చాలా ఇచ్చాయి. ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో పక్కనే నాగ్‌పాడా అరబ్ గల్లీలో ఉన్నాడు. 1948లో పాకిస్తాన్ వెళ్లిపోయాక కూడా ఈ వీధుల మనుషులే ఆయన కథల్లో తిరిగారు. 1970లలో శుక్లాజీ వీధి నల్లమందు కొట్లకు విదేశీ హిప్పీలు బారులు తీరారు. ఆ కొట్ల మీద జీత్ థాయిల్ 2012లో నవలే రాశాడు. అమెరికా ఫొటోగ్రాఫర్ మేరీ ఎలెన్ మార్క్ 1981లో ఫాక్‌లాండ్ రోడ్డు పేరుతో ఫొటోల పుస్తకం తెచ్చింది. 1988లో మీరా నాయర్ 'సలాం బాంబే' తీసింది. వీళ్లందరూ వచ్చారు, చూశారు, వెళ్లారు.

అక్కడే పెరిగి రాసినవాడు నామ్‌దేవ్ ఢసాల్. పుణే పక్క పల్లె నుంచి మాంసం కొట్టులో పనిచేసే తండ్రి వెంట వచ్చి, టాక్సీ నడిపి, 1972లో 'గోల్‌పీఠా' అనే మరాఠీ కవిత్వం తెచ్చాడు. గోల్‌పీఠా కామాటిపురాకు ఆనుకునే ఉంటుంది. అందులో మాటలు అర్థం కాక, ముందుమాట రాయాల్సిన విజయ్ తెండూల్కర్ అంతటివాడు కవిని వెంటబెట్టుకుని ఆ సందులన్నీ తిరిగి చూశాడు. అదే ఏడాది ఢసాల్ మిత్రులతో కలిసి దళిత్ పాంథర్స్ కట్టాడు. 1999లో పద్మశ్రీ అందుకున్నాడు. 2014లో కన్నుమూశాడు. ఆయన పేరు చెప్పినప్పుడు మన జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ గుర్తుకు రాక మానడు. ఫొటో స్టూడియో పెట్టి, బొమ్మలు గీసి, నాలుగు పంక్తుల్లో నిప్పు రాజేసి, క్షయతో 1993 జనవరి 12న వెళ్లిపోయిన కవి. ఒళ్లమ్ముకునే ఆడమనిషి గురించి అసహ్యం లేకుండా రాసినవారిలో ఇద్దరూ ఇద్దరే.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి

మన పల్లెటూరి బతుకును మూడు మాటల్లో చెప్పిన సామెత అది. నిజాం కాలంలో వెట్టి, కరువు తరిమితే పోయారు. తర్వాత మగ్గం మూలపడితే పోయారు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగిన తర్వాత అక్టోబరులో సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపుల భయానికి ఇల్లు విడిచిన కుర్రాళ్లు ఎందరో బొంబాయి దారి పట్టారు. నిజామాబాద్ దాకా బస్సు, అక్కడ చిన్న బండి ఎక్కి, మన్మాడ్‌లో అర్ధరాత్రి అపరాత్రి దిగి పెద్ద బండి మారడం. బొంబాయిలో ఊరి మనిషి చిరునామా రాసిన చీటీ ఒక్కటే ఆధారం. ఆ చీటీల్లో చాలావాటి మీద కామాటిపురా గల్లీ నంబరు ఉండేది.

పదడుగుల ఖోలీలో పది మంది. పగటి పాళీవాడు లేస్తే రాత్రి పాళీవాడు అదే చాప మీద నడుం వాల్చేవాడు. పొద్దున్నే నాకా మీద నిలబడితే మేస్త్రీ వచ్చి వేలు చూపినవాడికి ఆ రోజు కూలి. 1982 జనవరి 18న దత్తా సామంత్ పిలుపు మీద మొదలైన సమ్మెతో మిల్లులు మూతపడే దారి పట్టాక, మిల్లు పని ఆశ కూడా పోయింది. అప్పటికే అరబ్బు దేశాల చమురు డబ్బు పిలుస్తోంది. వీసా, డాక్టరు పరీక్ష, విమానం అన్నీ బొంబాయిలోనే కాబట్టి దుబాయి పోయేవాడికి కామాటిపురా మజిలీ అయ్యింది. అప్పు తెచ్చిన డబ్బు ఏజెంటు చేతిలో పోసి, వీసా కోసం నెలల తరబడి అక్కడే కూలి చేసుకున్నవాళ్లున్నారు. మోసపోయి ఊరికి మొహం చూపలేక అక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు రైలు కోరుట్లకే వచ్చింది. పెద్దపల్లి, నిజామాబాద్ లైను 2017లో పూర్తయింది. కామాటిపురాలో తెలుగు మాత్రం పలచబడుతోంది. బతుకమ్మ ఆడతారు, మార్కండేయ జయంతి చేస్తారు. కానీ మునిసిపాలిటీ తెలుగు బడులు పిల్లలు లేక తగ్గుతూ వచ్చాయి. పడుపు వృత్తి కూడా ఎయిడ్స్ భయంతో, నేల ధరలతో రెండు మూడు గల్లీలకు కుంచించుకుపోయింది. మిగతా గల్లీల్లో సంచులు కుట్టే, బట్టలు కుట్టే కార్ఖానాలు, మామూలు కాపురాలు. 1911లో కట్టిన అలెగ్జాండ్రా టాకీస్ మూతపడి మసీదుగా మారింది.

అయినా పేరు మీద మచ్చ పోలేదు. 'గంగూబాయి కాఠియావాడీ' సినిమా వస్తోందని తెలిసి 2021లో కామాటిపురా వాసులు రోడ్డెక్కారు. రెండు వందల ఏళ్ల చరిత్రను ఒక్క వృత్తికి కట్టేస్తే తమ పిల్లలకు ఉద్యోగాలు, సంబంధాలు ఎలా వస్తాయన్నది వారి గోడు. 2022లో సినిమాలోంచి పేట పేరు తీసేయాలని హైకోర్టుకు కూడా వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు. సినిమా ఆడింది.

ఇక మిగిలింది గోడల లెక్క. శిథిలమైన చాల్‌లను కూల్చి పేటంతా తిరిగి కట్టే పనిని ప్రభుత్వం గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు అప్పగించింది. పాత ఖోలీకి బదులు 500 చదరపు అడుగుల ఇల్లు వస్తుందంటున్నారు. సొంతదారుకు, అద్దె రశీదు ఉన్నవాడికి అది వరమే. పగడీ కట్టి, తాత పేరున రశీదు దాచుకున్న కుటుంబాలకు ఇప్పుడు ఆ కాగితం బంగారం. రశీదున్న వాడి దగ్గర నెలకింత ఇచ్చి మూల చాప వేసుకున్నవాడి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. మన మూడు పట్టణాల పల్లెల నుంచి పోయినవారిలో ఎక్కువమంది ఈ రెండో రకమే.