హిమసీమలో ఆకుకూరలు

మన తెలుగునాట శీతకాలమంటేనే కూరగాయల కాలం. సంక్రాంతి నాటికి చిక్కుడు, ముల్లంగి, పాలకూర, కొత్తిమీర విరివిగా బజారుకు వచ్చి ధరలు దిగివస్తాయి. కావున శీతకాలంలో ఆకుకూరలు పండించుట ఎట్లు అన్న ప్రశ్న మనలో పలువురికి వింతగా తోచవచ్చును. కాని జలవిద్యుత్ రంగంలో పనిచేసే మనవంటి వారి కొలువులన్నీ గోదావరి తీరాన లేవు గదా! నదుల వెంట పైపైకి పోయిన విద్యుత్ కేంద్రాలు లదాఖ్ వరకు చేరినవి. సింధునదిపై 45 మెగావాట్ల నిమ్మో-బజ్గో, కార్గిల్ ప్రాంతంలో సురు నదిపై 44 మెగావాట్ల చుటక్ కేంద్రాలు 2014 ఆగస్టులో జాతికి అంకితమైనవి. అట్టి చోట ఉద్యోగరీత్యా నివసించే వారికి, అంతకుముందు తరతరాలుగా అక్కడే ఉన్న వారికి, ఫిబ్రవరి నెలలో కంచంలోకి పచ్చని ఆకు రావడం సామాన్య విషయం కాదు.

లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీలకు దిగుట పరిపాటి. మైనస్ 20 కూడా అరుదు కాదు. శ్రీనగర్ నుండి వచ్చే 434 కిలోమీటర్ల రహదారి జోజిలా కనుమ దాటి రావాలి. ఒకప్పుడు ఆ దారి నాలుగైదు నెలలపాటు మూసి ఉండేది. సరిహద్దు రహదారుల సంస్థ కృషి వలన ఆ వ్యవధి బాగా తగ్గి, 2025లో 32 రోజులకు పరిమితమైనది. అయినను దారి మూసిన ఆ కొద్ది కాలంలో తాజా కూరగాయ విమానమెక్కి రావలసిందే. కొత్తిమీర కట్టకు కూడా విమాన రవాణా ఖర్చు కలుస్తుంది! స్థానికులు పూర్వం నుండి ఆకుకూరలను ఎండబెట్టుకొని, క్యారెట్, టర్నిప్, ఆలుగడ్డలను భూమిలో గోతులు తీసి దాచుకొని చలికాలం గడిపేవారు.

ఈ సందర్భంలో కాశ్మీరుతో పోల్చి చూడవలసిన విషయం ఒకటున్నది. కాశ్మీరు లోయలో దట్టంగా కురిసే మంచు నేలకు దుప్పటి వలె పనిచేస్తుంది. శరదృతువులో నాటిన వెల్లుల్లి దాని కింద భద్రంగా ఉండి వసంతంలో ఎదుగుతుంది. లదాఖ్ ఎడారి, మంచు కురిసేది స్వల్పమే. ఆచ్ఛాదన లేని నేలపై చలి నేరుగా పడుతుంది. ప్రకృతి కప్పని దుప్పటిని అచ్చట మనిషి కప్పవలసి వచ్చినది.

అయితే సూర్యరశ్మి విషయంలో లేహ్ భాగ్యశాలి. సంవత్సరంలో 300 రోజులకు పైగా ఎండ కాస్తుంది. గాలి పలుచన కావున ఎండ తీక్షణంగా ఉంటుంది. పగలు పది గంటల కన్నా తక్కువైతే ఆకుకూరల ఎదుగుదల దాదాపు ఆగిపోతుందని శీతల దేశాల తోటమాలుల అనుభవం. ఉత్తర ఐరోపాలో ఈ స్తబ్ధ కాలం మూడు నెలలకు కూడా విస్తరిస్తుంది. లేహ్ అక్షాంశం 34 డిగ్రీలు కావున, లెక్క కట్టి చూడగా అది డిసెంబరు తొలి వారం నుండి జనవరి తొలి వారం వరకు, అనగా సుమారు నెల రోజులు మాత్రమే. అనగా అచ్చట శత్రువు చీకటి కాదు, చలి. చలిని ఇంజనీరింగుతో ఎదుర్కొనవచ్చును.

ఇందుకు అత్యంత చవకైన సాధనం కందక హరితగృహం. 1962లో లేహ్‌లో నెలకొల్పబడిన రక్షణ పరిశోధన సంస్థ ప్రయోగశాల ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చినది. సుమారు 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతుగల గొయ్యి తవ్వి, పైన పోప్లార్ వాసాలు పరచి పాలిథీన్ కప్పుతారు. నాలుగు పక్కలా భూమియే గోడ అయినందున చలిగాలి తాకదు. వేడి పోయే దారి పైకప్పు ఒక్కటే. రాత్రి వేళ దానిపై పాత కంబళ్లో మరొక పట్టాయో కప్పితే ఆ దారి కూడా చాలావరకు మూసుకుంటుంది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. డిసెంబరు 21-22 తేదీలలో లేహ్‌లో మధ్యాహ్న సూర్యుని ఎత్తు సుమారు 32 డిగ్రీలే. తూర్పు పడమరలుగా తవ్విన 3 అడుగుల గోతిలో దక్షిణపు గట్టు నీడ 4.7 అడుగుల వరకు పడుతుంది. అనగా వెడల్పులో దాదాపు సగం! కావున దక్షిణపు గట్టును ఏటవాలుగా చెక్కుట, ఎండ తగిలే ఉత్తరపు సగంలో త్వరగా కోతకు రావలసిన వాటిని విత్తుట మంచిది. నేల మీద కట్టే హరితగృహాలలో ఈ ఇబ్బంది లేదు. దక్షిణ ముఖానికి మాత్రమే పాలిథీన్ ఉంచి, ఉత్తరాన మందపాటి మట్టిగోడ కట్టి లోపలి వైపు నల్లరంగు వేస్తారు. పగటి వేడిని ఆ గోడ పీల్చి రాత్రి విడుస్తుంది. ఖర్చు ఎక్కువ కాని ఫలితం నిశ్చయం. స్తోమత ఉన్న కాలనీకి నా ఓటు దీనికే.

ఇట్టి చోట్ల విద్యుత్ హీటర్లు పెట్టరాదా అని మన మిత్రులు కొందరు అడుగుతుంటారు. సింధునదిలో ప్రవాహం క్షీణించేది, ఉత్పత్తి తగ్గేది సరిగ్గా ఆ నెలలలోనే. 2019 ఫిబ్రవరిలో శ్రీనగర్-లేహ్ 220 కిలోవోల్టుల లైను ప్రారంభమైన మాట నిజమే. కాని ఇండ్లు వెచ్చబరచుకొనుటకు అక్కరకు రావలసిన కరెంటును పాలకూరకు ధారపోయుట న్యాయం కాదు. అంతకంటె 200 లీటర్ల డ్రమ్ములో నీరు పోసి లోపల ఉంచుట మేలు. ఆ నీరు 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 2.3 యూనిట్ల వేడి వెలువడుతుంది. పూర్తిగా గడ్డకడితే అదనంగా 18 యూనిట్లకు పైగా! మైనస్ ఉష్ణోగ్రత ముంచుకొచ్చే తెల్లవారుజామున అదే మొక్కకు రక్ష. గడ్డకట్టిన నీరు 9 శాతం వ్యాకోచిస్తుంది కావున డ్రమ్మును అంచు వరకు నింపరాదు.

విత్తుట సెప్టెంబరు ద్వితీయార్ధంలో జరగాలి. తీవ్రమైన చలి రాకమునుపే మొక్క నాలుగైదు ఆకులు తొడిగి వేరూనాలి. క్రమంగా చలికి అలవాటు పడిన మొక్క తన కణాలలో చక్కెరలను కూడబెట్టుకుంటుంది. అందువలన కణరసం సులభంగా గడ్డకట్టదు. మనకు ఆకు తియ్యగా ఉంటుంది. ప్రసంగవశాత్తు చెప్పవలసినదేమనగా, మనం పాలకూర అని తినేది బీట్ జాతి మొక్క. పాశ్చాత్యుల స్పినాచ్ వేరు. చలికి ఓర్చుటలో స్పినాచ్‌దే పైచేయి. మెంతికూర, కొత్తిమీర దానికంటే సుకుమారమైనవి.

నిర్వహణలో ముఖ్యమైనది ఓపిక. ఉదయం బిర్రుగా గడ్డకట్టిన ఆకులను తాకరాదు. ఎండకు వాటంతట అవే తేరుకుంటాయి. బయట మైనస్ 5 ఉన్నను మధ్యాహ్నం లోపల 30 డిగ్రీలు దాటవచ్చును. అప్పుడు కప్పును కొంతసేపు ఎత్తి తేమను పోనివ్వకపోతే ఆకు కుళ్ళుతుంది. నీరు మధ్యాహ్నం మాత్రమే, కొద్దిగా పెట్టాలి.

ఫిబ్రవరిలో పగలు సాగుట మొదలు కాగానే మొక్కలు చురుకుగా పెరుగుతాయి. అప్పటికే వేరు దన్ను ఉన్నందున, ఆ నెలలో కొత్తగా విత్తిన మొక్కల కన్నా ఇవి కొన్ని వారాలు ముందుగా కోతకు వస్తాయి. మార్చి అంతా కోయవచ్చును. ఏప్రిల్‌లో పగలు 13 గంటలు దాటిన పిదప స్పినాచ్ పూకాడ వేయనారంభిస్తుంది, ఆకు రుచి చెడుతుంది. ఆలోగా ఖాళీ అయిన మడులలో టమాటా, క్యాబేజీ నారు పోసుకుంటే మే నెలలో బయటి పొలానికి సిద్ధమవుతుంది.