దవడ నొప్పికి కరెంటు వైద్యం

పొద్దున లేవగానే దవడ నొప్పి. కణతల దగ్గర పోటు. ఆవులిస్తే నోరు సరిగా తెరుచుకోదు. చాలామంది ఇది పన్ను నొప్పే అనుకుంటారు. పన్ను పీకించుకోవాలని చూస్తారు. తొందరపడకూడదు. నొప్పి పన్నుది కాకపోవచ్చు. దవడ కండది కావచ్చు.

ఇలా చేసి చూడండి. రెండు చెంపల మీద వేళ్లు పెట్టండి. పళ్లు గట్టిగా బిగించండి. వేళ్ల కింద కండ ఉబ్బుతుంది. మనం తిండి నమిలేది ఈ కండతోనే.

కొందరు నిద్రలో పటపటా పళ్లు కొరుకుతారు. ఆ సంగతి వాళ్లకే తెలియదు. పక్కన పడుకున్నవాళ్లు చెప్పాలి. దిగులు ఉంటే ఇది ఇంకా ఎక్కువవుతుంది. రాత్రంతా పిండి రుబ్బితే చెయ్యి పీకదా? దవడ కూడా అంతే.

ఈ నొప్పికి కరెంటు వైద్యం ఉంది. దాని పేరు టెన్స్. పేరు విని భయపడొద్దు. ఇది ఇంట్లో లైటుకు వచ్చే కరెంటు కాదు. అరచేతిలో పట్టే చిన్న పెట్టె. బ్యాటరీతో నడుస్తుంది. దాని తీగల చివర అంటుకునే పట్టీలు ఉంటాయి. వాటిని చెంప మీద అంటిస్తారు. చీమలు పాకినట్టు జిలజిలమంటుంది. సుమారు 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు.

నొప్పి ఎలా తగ్గుతుంది? దెబ్బ తగిలితే అక్కడ చేత్తో రుద్దుకుంటాం. కాస్త హాయిగా ఉంటుంది. నరాల్లో ఆ స్పర్శ నొప్పి కబురుకు అడ్డుపడుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ఈ సంగతి వివరించారు. టెన్స్ పనిచేసేదీ ఇలాగే.

అయితే ఒక మాట. ఈ వైద్యం అందరికీ ఒకేలా పనిచేయదు. నొప్పి తగ్గినా పళ్లు కొరకడం ఆగదు. కొరికితే పళ్లు అరిగిపోతాయి. అందుకే పళ్ల డాక్టరు కొలత తీసి తొడుగు చేయిస్తారు. రాత్రి అది పెట్టుకుని పడుకోవాలి.

గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. పట్టీలు గొంతు మీద, కళ్ల మీద పెట్టకూడదు. ఇంటి కరెంటు తీగలతో ఎవరూ ప్రయత్నించకూడదు. ప్రాణం పోతుంది.

ఖర్చు లేని పనులు కూడా ఉన్నాయి. వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టుకోవాలి. నాలుగు రోజులు మెత్తని తిండి తినాలి. వక్కలు నమలడం మానాలి. పగలు పళ్లు బిగించకుండా చూసుకోవాలి.

పీకించుకున్న పన్ను మళ్లీ రాదు. అందుకే ముందు డాక్టరును అడగండి. "ఈ నొప్పి పన్నుదా? కండదా?"