ఇమ్లీబన్ నుంచి చార్మినార్‌కి నడిచే వెళ్ళాం!

హైదరాబాదు వెళ్ళొచ్చామంటే మా ఆదోనిలో ఎవరైనా మొదట అడిగే మాట, "చార్మినార్ చూశారా?" అని. నేను ఇప్పటికి ఆరేడుసార్లు హైదరాబాదు వెళ్ళాను. ఒకసారి పెళ్ళికి, ఒకసారి ఆసుపత్రి పనికి, మరోసారి అబ్బాయి కాలేజీ సీటు కోసం. చార్మినార్ చూడలేదా అంటే చూశాను. ఎలాగంటే ఆటోలో వెనక సీట్లో కూర్చుని, డ్రైవరు భుజం పక్కనుంచి! "అదిగో చార్మినార్" అని మావారు అనేసరికే అది వెనక్కి పోయింది. 2012లో జరిగిన సంగతిది. ఆ రోజు బస్టాండు దగ్గర ఎక్కించుకున్న ఆటో అతను మమ్మల్ని ఏ సందుల్లోనో తిప్పి తిప్పి మూడు వందలు పుచ్చుకున్నాడు. ఊరికి కొత్తవాళ్ళం, చేతినిండా సంచులు. ఏమని పోట్లాడతాం?

ఆ బస్టాండుకీ చార్మినార్‌కీ మధ్య దూరం రెండున్నర కిలోమీటర్లని నాకు ఈ మధ్యనే తెలిసింది. డాక్టరు చెప్పాడని మనం పొద్దున్నే చుట్టే వాకింగు అంత! మూడు వందలు పోయినందుకు కాదు గానీ, అంత దగ్గర దానికి ఎవరో తీసుకుపోతే తప్ప పోలేమని ఇన్నేళ్ళు అనుకున్నానే, అదే నన్ను పొడిచింది.

ఈసారి అవసరం మా వదినది, అంటే మావారి అక్కయ్యది. వాళ్ళది ఎమ్మిగనూరు. కూతురికి పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల మిగతా వాటిలో ఏదీ పట్టు పట్టలేదు గానీ లక్క గాజులు మాత్రం లాడ్ బజారువే కావాలంది. పత్తి సీజను కావడంతో మావారికి ఊపిరి సలపడం లేదు. వదినకు తోడు ఎవరూ లేరు. అన్నయ్యగారు పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి ఆమె మంత్రాలయం దాటి ఎక్కడికీ పోలేదు.

"మనమిద్దరమే పోదాం పాండి వదినా" అన్నాను.

"ఆడోళ్ళం ఇద్దరమే అంత ఊళ్ళో యాడ తిరుగుతామమ్మా? నా మోకాళ్ళు చూసినావా?" అంది.

మోకాళ్ళ డాక్టరు చదును నేల మీద నడవమనే చెప్పాడు కదా అని గుర్తు చేశాను. రెండు రోజులు ఆలోచించి సరేనంది.

తెల్లవారుజామున అయిదింటికి నేను ఆదోనిలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఎమ్మిగనూరులో వదిన ఎక్కింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్టు డబ్బులు లేవు. గోనెగండ్ల, కోడుమూరు మీదుగా కర్నూలు చేరేదాకా పైసా ఖర్చు లేదు. కర్నూలులో ఉగ్గాణి బజ్జీ తిని హైదరాబాదు బస్సెక్కాం. ఇక్కడొక సంగతి గుర్తుంచుకోండి. రాష్ట్రం దాటే సర్వీసులకు మన ఉచితం వర్తించదు. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. అక్కడ 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం ఉన్నా అది ఆ రాష్ట్రం ఆడవాళ్ళకే. మేమెక్కింది తెలంగాణ బస్సు. వదిన ధీమాగా ఆధార్ తీసి చూపిస్తే కండక్టరమ్మ అడ్రసు చదివి, "అమ్మా, మీది ఎమ్మిగనూరు గదా!" అని నవ్వి టికెట్టు కొట్టింది. సిటీ బస్సులో కూడా అంతే. చిల్లర దగ్గర పెట్టుకోండి.

రైలు ఇష్టపడేవాళ్ళు కర్నూలు సిటీ స్టేషనులో ఎక్కి కాచిగూడలో దిగవచ్చు. అక్కణ్ణించి అఫ్జల్‌గంజ్ వైపు సిటీ బస్సు పట్టుకోవాలి. సికింద్రాబాదులోనో అమీర్‌పేటలోనో చుట్టాలింట్లో దిగినవాళ్ళయితే మెట్రో ఎక్కి ఎంజీబీఎస్ స్టేషనుకు వస్తే చాలు. మియాపూర్ - ఎల్బీనగర్ లైనూ, 2020లో మొదలైన జేబీఎస్ లైనూ రెండూ అక్కడ కలుస్తాయి. ఎంజీబీఎస్ అంటే మనం ఇమ్లీబన్ అనే మహాత్మాగాంధీ బస్టాండే.

మేము దిగేసరికి ఒంటిగంట కావస్తోంది. ముందు అక్కడే ఒక బెంచీ మీద కూర్చుని జొన్నరొట్టెలు, శెనిక్కాయ పొడి, ఉల్లిపాయ ముక్కలు తిన్నాం. పెద్ద సంచి క్లోక్‌రూములో ఇచ్చేశాం. బాత్‌రూము పని కూడా అక్కడే ముగించుకున్నాం. ఈ మాట సిగ్గుపడకుండా రాస్తున్నాను. ఆ తర్వాత బజారులో ఆడవాళ్ళకు అంత సులువుగా దొరకదు. దానికి భయపడి నీళ్ళు తాగకుండా తిరిగి తలనొప్పి తెచ్చుకునేవాళ్ళం మనలో ఎంతమందిమి లేం?

బయటికి రాగానే ఆటోలవాళ్ళు చుట్టుముడతారు. "చార్మినార్, చార్మినార్" అంటారు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను పక్కనే పళ్ళమ్ముకుంటున్న ఆవిడను "అఫ్జల్‌గంజ్ ఎటమ్మా?" అని అడిగాను. చార్మినార్ ఎటు అని అడిగితే ఆటో ఎక్కమంటారు. అఫ్జల్‌గంజ్ అంటే చెయ్యి చూపిస్తారు. ఈ చిట్కా నాకు బాగా పనికొచ్చింది.

అటు గౌలిగూడ వైపు ఒకప్పుడు పెద్ద రేకుల షెడ్డు కింద పాత బస్టాండు ఉండేది. మా అమ్మావాళ్ళు హైదరాబాదు వస్తే దిగింది అక్కడేనట. ఆ షెడ్డు 2018 జులైలో కూలిపోయింది.

అఫ్జల్‌గంజ్ కూడలిలో ఎడమకు తిరిగితే ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరు ఊరంతా మునిగినప్పుడు ఈ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. అక్కణ్ణించి నయాపుల్. పేరుకే కొత్త వంతెన. కింద మూసీ వాసనకు ఇద్దరం కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాం. మనిషి ప్రాణాలు తీసినంత నది ఇదేనా అనిపిస్తుంది. అవతలి ఒడ్డున ఎర్రరాతి హైకోర్టు భవనం మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. కాసేపు నిలబడి చూశాం. ఆటోలో పోతే ఇది కూడా దక్కేది కాదు.

వంతెన దిగితే మదీనా కూడలి. నిజం చెప్పాలంటే ఈ నడకలో కష్టమంతా ఇక్కడే. దూరం కాదు, రోడ్డు దాటడం! అటు నుంచి బస్సులు, ఇటు నుంచి స్కూటర్లు. నాలుగు నిమిషాలు నిలబడ్డాం. చివరికి బురఖాలు వేసుకున్న ముగ్గురు ఆడవాళ్ళు బయలుదేరితే వాళ్ళ పక్కన చేరి దాటేశాం. అందులో పెద్దావిడ వదిన అవస్థ చూసి, "సీదా జావ్ అమ్మా, దూర్ నహీ" అంది. మా ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ళకు ఆ మాత్రం ఉర్దూ ఎలాగూ వచ్చు కదా. పాతబస్తీలో అది డబ్బుకన్నా ఎక్కువ పనికొచ్చింది.

మదీనా దాటితే పత్తర్‌గట్టి. వరసగా రాతి కమానుల దుకాణాలు, వాటి ముందు వరండాలు. మూసీ వరద తర్వాత ఉస్మాన్ అలీఖాన్ నవాబు కాలంలో కట్టినవి. వాటి నీడలోనే నడవవచ్చు. ఎండ తగలదు. వదినకు మోకాలు పట్టేసినట్టయితే ఒక బట్టల దుకాణం మెట్టు మీద కూర్చుంది. దుకాణం అబ్బాయి ఏమీ అనలేదు సరికదా, మంచినీళ్ళు ఇచ్చాడు.

అక్కణ్ణించి మీరు ఎవర్నీ దారి అడగక్కర్లేదు. ముందు మచిలీ కమాన్ వస్తుంది. దాని కిందనుంచి పోతే గుల్జార్ హౌజ్, నడిమధ్యన నీటి తొట్టి, చుట్టూ ముత్యాల దుకాణాలు. నాలుగు దిక్కులా నాలుగు కమానులు ఉంటాయి కాబట్టి ఆ చోటుకు చార్ కమాన్ అని పేరు. ఎదురుగా ఉన్న కమానులోంచి చార్మినార్ నిండుగా కనబడింది. వదిన "అబ్బ! ఇంత పెద్దదా!" అని ఆగిపోయింది. అయిదునిమిషాలు విశ్రాంతులన్నీ కలుపుకుని మాకు పట్టింది ముప్పావుగంట. మోకాళ్ళ నొప్పి లేనివాళ్ళకు అరగంట చాలు. చార్మినార్ చుట్టూ ఇప్పుడు బండ్లు రానివ్వడం లేదు కాబట్టి ఆటో ఎక్కినా చివర నడక తప్పదు.

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన కట్టడమిది. ప్లేగు తగ్గినందుకు కట్టించాడని కొందరు, హిజరీ వెయ్యో ఏడు గుర్తుగా కట్టించాడని మరికొందరు అంటారు. గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి. ఇంత రాజసం మనకు సంబంధం లేనిదనుకోకండి. మన ఆదోని కూడా 1800లో దత్తమండలాలతో పాటు ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడేదాకా హైదరాబాదు నిజాం కిందదే. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోనిలోనే ఉండి ఏలాడు. రోజూ మన జామియా మసీదు పక్కగా కూరగాయల సంచితో పోతూ దాన్ని ఒక్కసారైనా నిలబడి చూడని నేను, చార్మినార్ చూడ్డానికి ఇంతదూరం వచ్చానే అని నవ్వుకున్నాను.

పైకి ఎక్కడానికి టికెట్టు ఉంది. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా. శుక్రవారం మక్కా మసీదులో నమాజు వేళ జనం ఎక్కువ కాబట్టి వేరే రోజు చూసుకోండి. మెట్లు సన్నటి చుట్టుమెట్లు. ఒక మనిషి దిగుతుంటే ఇంకొకరు గోడకు అతుక్కోవాల్సిందే. చీర కుచ్చెళ్ళు ఎడమ చేత్తో ఎత్తిపట్టుకోకపోతే కాలికింద పడతాయి. వదినను కిందే ఒక నీడపట్టున కూర్చోబెట్టి, "కదలకండి" అని చెప్పి నేను ఎక్కాను. పైనుంచి నాలుగు రోడ్లూ, మక్కా మసీదూ, గాజుల బజారు తళుకులూ చూసి పావుగంటలో దిగాను.

చూస్తే వదిన లేదు!

గుండె జారిపోయింది. ఫోను చేస్తే మోగుతోంది గానీ తియ్యడం లేదు. మావారికి ఏమని చెప్పాలి? ఆమె కొడుక్కి ఏమని చెప్పాలి? చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. అక్కడున్న పోలీసును అడుగుదామని పోతుంటే, లాడ్ బజారు మొదట్లోనే ఒక గాజుల దుకాణం అరుగు మీద కూర్చుని కనిపించింది. ముందు అయిదారు రకాల గాజులు పరిపించుకుని, "ఆ ఆకుపచ్చవి తియ్ నాయనా" అంటోంది. ఆరేళ్ళుగా ఊరు దాటని మనిషి! తిట్టబోయి నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను.

లాడ్ బజారులో గాజులు కొనేటప్పుడు కళ్ళు చెదురుతాయి. అందుకే ఇంట్లోనే రంగులు రాసుకుని పోవాలి. లక్కను కరిగించి కడ్డీకి పట్టించి, వేడిమీద ఉండగానే రాళ్ళు ఒక్కొక్కటీ చేత్తో అద్దుతారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రాళ్ళు గోటితో కదిపి చూడండి. నాలుగు దుకాణాలు చూడకుండా బేరం తెగ్గొట్టకండి. ఇంటికి తెచ్చాక పొయ్యి దగ్గరా ఎండలోనూ పెట్టకూడదు, తడవకూడదు.

కొలత కోసం పెళ్ళికూతురి మట్టిగాజు ఒకటి తెచ్చుకున్నాం, రెండు-నాలుగు సైజు. అది చూపిస్తే దుకాణం అతను, "అమ్మాయి చెయ్యి ఎట్లుంటదమ్మా?" అన్నాడు. "నా చెయ్యిలాగే ఉంటది" అంది వదిన. అతను అలవాటుగా ఒక గాజు తీసి ఆమె చేతికి ఎక్కించబోయాడు. వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తనే చాపింది. ఆ గాజు ఎక్కింది. నేను వీధివైపు చూస్తూ కూర్చున్నాను.

కొనడం అయ్యేసరికి దీపాలు పెట్టారు. చేతిలో నాలుగు డబ్బాలు. తిరిగి మాత్రం నడవలేదు. మదీనా దాకా వచ్చి ఆటో అడిగితే నూటయాభై అన్నాడు. "ఇమ్లీబన్ ఇక్కడేగా నాయనా, మధ్యాహ్నం నడిచే వచ్చినాం" అంది వదిన. డెబ్బైకి వచ్చాడు. క్లోక్‌రూములో సంచి తీసుకుని రాత్రి ఆదోని బస్సెక్కాం.

ఒక పొరపాటు మాత్రం చేశాం. సన్నటి మట్టిగాజు రెండు-నాలుగు ఎక్కే చేతికి వెడల్పాటి లక్క కడియం అదే సైజుది ఎక్కదు. వదిన చేతికి వేసి చూసింది సన్నవే గానీ వెడల్పువి కావు. వెడల్పువాటికి రెండు-ఆరు తీసుకోవాల్సింది. ఇంటికొచ్చాక పిల్ల చెయ్యి ఎర్రబడేదాకా సబ్బు రాసి ప్రయత్నించాం. బిల్లు ఉంది కాబట్టి వచ్చేవారం వెళ్ళి మార్చుకోవాలి. "నేను తీసుకుపోతాలే, ఆటోలో గంటలో పనైపోతుంది" అంటున్నారు మావారు. వదిన ఒప్పుకోవడం లేదు.